ఆ ఒక్క ప్రశ్న అడగమని చట్టమే చెప్పాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని పదవీ విరమణ చేసిన వాణ్ణి. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం విశాఖపట్నంలోనూ, కొన్నాళ్లు అనకాపల్లిలోనూ గడిచింది. కొత్తగా వస్తున్న సాంకేతికతలను మన చట్టాలు ఎలా పట్టుకోవాలన్న చర్చ ఈ మధ్య తరచుగా వినబడుతోంది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో మన నగరంలో కృత్రిమ మేధ కేంద్రం పెడతానని ప్రకటించాక మన ఊళ్లో ఆ చర్చ మరింత పెరిగింది. అందుకు సంతోషించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే ఆ చర్చ పెద్ద యంత్రాల దగ్గరే ఆగిపోతోంది. ఫోనూ బ్యాంకు ఖాతా కలిసే చోట, సాంకేతికత మామూలు మనిషికి నేరుగా తగిలే చోట, చట్టం ఏం చేస్తోందన్నది ఎవరూ గట్టిగా అడగడం లేదు. ఆ చోటు గురించే ఈ ఉత్తరం.

నిరుడు మా అక్కయ్యకు జరిగింది చెబుతాను. ఆవిడ వయసు 71. లెక్కల టీచరుగా రిటైరైంది. బావగారు పోయాక ఎం.వి.పి. కాలనీలో ఒక్కతే ఉంటోంది. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. ఒక సోమవారం పొద్దున్న ఆవిడకు ఫోను వచ్చింది. మీ ఆధార్‌తో ముంబయిలో ఎవరో ఖాతా తెరిచారు, అందులో హవాలా డబ్బు నడిచింది, కేసు సీబీఐ చేతిలో ఉంది అన్నారు. వెంటనే వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. అవతల యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక గోడ మీద మూడు సింహాల చిహ్నం. కాసేపటికి సుప్రీంకోర్టు పేరుతో ముద్ర వేసిన ఉత్తర్వు కూడా పంపించారు. కెమెరా ముందు నుంచి కదలకూడదనీ, ఎవరికైనా చెబితే వాళ్లనూ ముద్దాయిలుగా చేరుస్తామనీ బెదిరించారు. రెండు రోజుల పాటు అక్కయ్య ఫోనును పోపుల డబ్బాకు ఆనించి పెట్టుకుని వంట చేసింది. దేవుడి దగ్గర దీపం వెలిగించడానికి కూడా ఆ తెరలోని మనిషిని అనుమతి అడిగింది. మూడో రోజు ఆటో ఎక్కి తనే బ్యాంకుకు వెళ్లి, రెండు ఫిక్సెడ్ డిపాజిట్లు గడువుకు ముందే రద్దు చేయించి, పెద్ద మొత్తాలు వేరే ఖాతాకు పంపే ఆర్టీజీఎస్ ఫారం తన చేత్తో నింపి, 22 లక్షల రూపాయలు వాళ్లు చెప్పిన ఖాతాకు పంపించింది. అంతసేపూ చేతిసంచిలో ఆ కాల్ నడుస్తూనే ఉంది.

ఆ రోజు కౌంటరులో కూర్చున్న అమ్మాయిని నేను తప్పు పట్టను. సంతకం కలిసింది, ఖాతాలో డబ్బుంది, ఫారం సరిగా ఉంది, వెనక పది మంది వరుసలో నిలబడి ఉన్నారు. మొబైల్ నంబరులో ఒక అంకె సరిగా పడలేదని చెప్పి దిద్దించింది కూడా. అంత శ్రద్ధగా ఫారం చూసిన అమ్మాయి, ఫారం నింపిన మనిషి చేతులు వణుకుతున్నాయని చూడలేదు. చూసి తీరాలని, అడిగి తీరాలని చట్టం ఆమెకు చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం నేను వెళ్లేసరికి అక్కయ్య తలుపు సగం తీసి నిలబడింది. విషయం బయటపడ్డాక సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేశాం, సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. అప్పటికే ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కణ్ణుంచి మరో పది ఖాతాలకు వెళ్లిపోయింది. 1 లక్షా 40 వేలు మాత్రం ఎక్కడో ఆపగలిగారు. బ్యాంకుకు రాస్తే కొన్ని వారాలకు ఇంగ్లీషులో జవాబు వచ్చింది. ఈ లావాదేవీని ఖాతాదారే స్వయంగా చేశారు కనుక బ్యాంకుకు బాధ్యత లేదని దాని సారాంశం.

నిబంధనల ప్రకారం ఆ జవాబు తప్పు కాదు. నా బాధంతా అదే. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక మంచి సర్క్యులర్ ఇచ్చింది. ఖాతాదారుకు తెలియకుండా, అతని లోపం లేకుండా, బయటివాళ్లెవరో ఎలక్ట్రానిక్ పద్ధతిలో డబ్బు లాగేస్తే, మూడు పనిదినాల్లోగా తెలియజేసిన ఖాతాదారుకు నష్టమేమీ ఉండకూడదని అందులో చెప్పారు. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే భారాన్ని కూడా బ్యాంకు మీదే పెట్టారు. కానీ అదంతా ‘అనధికార’ లావాదేవీలకు. దొంగ తాళం పగలగొట్టి దోచుకుంటే ఒక న్యాయం, ఇంటావిణ్ణి భయపెట్టి ఆవిడ చేతే తాళం తీయిస్తే ఇంకో న్యాయం అన్నట్టుంది. పిస్తోలు చూపించి సంతకం పెట్టించుకున్న కాగితాన్ని ఆ సంతకం పెట్టిన మనిషి రద్దు చేయించుకోవచ్చని మన కాంట్రాక్టు చట్టం 1872లోనే చెప్పింది. వీడియో కాల్‌లో రెండు రోజులు బంధించి పెట్టించిన సంతకాన్ని మాత్రం బ్యాంకింగ్ నిబంధనలు ‘స్వయంగా చేసిన లావాదేవీ’ అని పిలుస్తున్నాయి.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇత్తడి టోకెన్ బిళ్లలు ఉండేవి. చెక్కు తీసుకుని బిళ్ల ఇచ్చి, లెడ్జరులో పద్దు రాసి, నమూనా సంతకం కార్డుతో పోల్చి, ఆఫీసరు పాస్ చేశాక క్యాషియరు దగ్గరికి వెళ్లేసరికి అరగంట పట్టేది. ఖాతాదార్లు విసుక్కునేవారు, ఆ విసుగులో న్యాయం ఉంది. అనకాపల్లి బ్రాంచిలో ఒకసారి ఒక రైతు బెల్లం అమ్మిన డబ్బంతా ఒక్కసారిగా తీసుకోవడానికి వచ్చాడు. బయట అరుగు మీద ఎవరో కొత్త మనిషి ఆయన కోసం కాచుకుని ఉన్నాడు. మా హెడ్ క్యాషియరు గారు కళ్లద్దాల పైనుంచి చూసి, “ఏం బాబూ, ఇంత డబ్బు ఒక్కసారే ఎందుకు? ఇంట్లో తెలుసా?” అని అడిగారు. రైతు నసిగాడు. ఆయన రైతును కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఊళ్లో ఉన్న కొడుక్కి కబురు పంపించారు. అరుగు మీది మనిషి ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. ఆ ప్రశ్న ఏ నియమావళిలోనూ లేదు. పనిలో తీరిక ఉండేది కనుక, మనిషి ఎదురుగా కనబడేవాడు కనుక అది దానంతటదే నోటికి వచ్చేది.

ఆ అరగంట పోవడం మంచిదే. 2016లో యూపీఐ వచ్చింది. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు 14 నుంచి ఆర్టీజీఎస్ రాత్రీ పగలూ నడుస్తున్నాయి. రైతుబజారులో కొత్తిమీర కట్ట అమ్ముకునే ఆమె కూడా చిల్లర వెతుక్కోకుండా వ్యాపారం చేసుకుంటోంది. దీన్ని వెనక్కి తిప్పమని నేను అడగను. కానీ వేగం పెంచిన ప్రతి నిర్ణయానికీ ఒక తేదీ ఉంది, ఒక సర్క్యులర్ ఉంది. వేగంతో పాటు కొట్టుకుపోయిన ఆ ఒక్క ప్రశ్న స్థానంలో ఏం పెట్టాలన్నదానికి అంత పట్టుదలగా ఎవరూ పూనుకోలేదు.

చట్టం ఇలాంటి పని చేయలేదనడానికి వీల్లేదు. చెక్కుల విషయంలో చేసింది. ఒకప్పుడు చెక్కు తిరిగివస్తే పుచ్చుకున్నవాడు సివిల్ కోర్టు చుట్టూ తిరగాల్సిందే. చెక్కు మీద జనానికి నమ్మకం కుదిరితేనే వ్యాపారం సాగుతుందని గ్రహించి, 1988లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టాన్ని సవరించి, ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగిరావడాన్ని నేరంగా చూసే 138వ సెక్షన్‌ను 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. ఆ తర్వాత చెక్కు విలువ ఎలా పెరిగిందో మా కౌంటర్ల దగ్గర కళ్లారా చూశాం.

ఇంకా పెద్ద ఉదాహరణ మన ఊరికి బాగా తెలిసినదే. 1985లో ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. ప్రమాదకరమైన పని చేసి లాభం సంపాదించే సంస్థ, ఆ పని వల్ల జరిగిన నష్టానికి సాకులు చెప్పకుండా పూర్తి బాధ్యత వహించాలన్నది ఆ సూత్రం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు కమ్ముకుని 12 మంది చనిపోయినప్పుడు, జాతీయ హరిత ట్రైబ్యునల్ మర్నాడే 50 కోట్ల రూపాయలు ముందుగా డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది. ఆ గాలి ఎందుకు పీల్చారని వెంకటాపురం వాళ్లను ఎవరూ అడగలేదు. డబ్బు పోగొట్టుకున్న మా అక్కయ్యను మాత్రం, చదువుకున్న దానివి, ఎలా నమ్మావని పోలీసుల దగ్గర నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ అడిగారు. రెండూ ఒకటే అని నేను అనడం లేదు. ప్రాణం పోవడం వేరు, డబ్బు పోవడం వేరు. కానీ ఒక వ్యవస్థ వేగంగా నడవడం వల్ల లాభం ఎవరికి వస్తోందో, ఆ వేగంలో జారిపడ్డవాళ్ల నష్టంలో కొంత వాళ్లే మోయాలన్న న్యాయం రెండు చోట్లా ఒకటే.

బ్రిటన్‌లో ఆ మాటను చట్టం చేశారు. అక్కడ 2024 అక్టోబరు 7 నుంచి, మోసగాళ్ల మాట నమ్మి ఖాతాదారు తన చేత్తో పంపిన డబ్బును కూడా 85,000 పౌండ్ల వరకు తిరిగి ఇవ్వాల్సిందే. మామూలుగా అయిదు పనిదినాల్లో ఇవ్వాలి. ఆ భారాన్ని డబ్బు పంపిన బ్యాంకూ, డబ్బు పుచ్చుకున్న బ్యాంకూ చెరిసగం మోయాలి. ఇందులో రెండో సగమే అసలు విషయమని బ్యాంకు మనిషిగా నా అభిప్రాయం. దొంగ ఖాతా లేకుండా ఈ మోసం జరగదు. ఎవరో కూలీకో, చదువుకునే కుర్రాడికో నాలుగు వేలు చేతిలో పెట్టి, అతని పేరుతో ఖాతా తెరిపించి, ఏటీఎం కార్డూ సిమ్మూ పట్టుకుపోతారు. నెలకు పదివేలు కూడా కదలని ఆ ఖాతాలో ఒక మధ్యాహ్నం 22 లక్షలు వచ్చి పడి, పావుగంటలో మాయమైతే, ఆ బ్యాంకు కంప్యూటరుకు అనుమానం రాకపోవడం ఏమిటి? నష్టంలో సగం తన నెత్తిన పడుతుందని తెలిస్తే ఆ అనుమానం తప్పకుండా వస్తుంది. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు, మా అక్కయ్యకు జరిగినట్టు వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని భయపెట్టే ఈ ‘డిజిటల్ అరెస్టు’ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, ఇలాంటి ఖాతాలను పట్టుకోవడానికి కృత్రిమ మేధను ఎందుకు వాడకూడదని రిజర్వు బ్యాంకును అడిగింది. సరైన ప్రశ్న అది. సాధనం ఉంది. దాన్ని వాడకపోతే నష్టం ఎవరిదో చెప్పే నిబంధనే లేదు.

సింగపూర్ ఇంకో దారి తొక్కింది. 2025 జూలై 1 నుంచి అక్కడి పోలీసులు, మోసపోతున్న మనిషి ఎంత చెప్పినా వినకపోతే, ఆ మనిషి ఖాతా నుంచే డబ్బు కదలకుండా 30 రోజులు ఆపించవచ్చు. ఇది మనకు నప్పదని నా భయం. తన డబ్బు తాను తీసుకోవడానికి పెద్దవాళ్లు పోలీసుల చుట్టూ తిరిగే పరిస్థితి మోసం కన్నా చిన్నదేమీ కాదు. అరవై ఏళ్లు దాటినవారు, మునుపెన్నడూ పంపని ఖాతాకు, పెద్ద మొత్తం పంపుతున్నప్పుడు మాత్రం ఒక్క రోజు ఆపి ఉంచితే చాలు. ఆసుపత్రికీ కాలేజీ ఫీజుకూ కట్టే డబ్బుకు మినహాయింపు ఇవ్వవచ్చు. ఖాతాదారు తనకు ఇష్టమైతే ఒక నమ్మకస్తుడి పేరు ముందే రాయించి, అలాంటి లావాదేవీ జరిగినప్పుడు ఆ మనిషికి సందేశం వెళ్లేలా పెట్టవచ్చు. నామినీ పేరు రాయించినంత తేలికైన పని ఇది.

నష్టం బ్యాంకులు భరిస్తే ఖాతాదార్లు అజాగ్రత్తగా ఉంటారనీ, కొందరు దొంగ ఫిర్యాదులు ఇస్తారనీ నా పాత సహోద్యోగులే వాదిస్తారు. ఆ భయం పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. అందుకే బ్రిటన్‌లోనూ తీవ్రమైన నిర్లక్ష్యం రుజువైతే పరిహారం ఇవ్వనక్కరలేదు. కానీ నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు వర్తించదని కూడా రాసుకున్నారు. జీవితమంతా కూడబెట్టిన సొమ్మును, తిరిగి వస్తుందిలే అని ఎవరూ కావాలని పారేసుకోరు.

తొందరపడి చేసిన చట్టాలు కూడా కీడే చేస్తాయి. ఐటీ చట్టంలో 2008 సవరణతో వచ్చిన 66ఏ సెక్షన్‌లో ‘చికాకు’, ‘అసౌకర్యం’ వంటి స్పష్టమైన అర్థం లేని మాటలు పెట్టడం వల్ల, ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసినవాళ్లూ అరెస్టయ్యారు. చివరకు 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు మోసపు డబ్బును వెంటాడే క్రమంలో జరుగుతున్నదీ చూడండి. పూర్ణా మార్కెట్ దగ్గర టిఫిన్ బండి నడిపే ఒకతని ఖాతా నిరుడు స్తంభించిపోయింది. ఎవరో ఇడ్లీలు తిని ఫోనులో పంపిన 240 రూపాయలు, పది చేతులు మారిన మోసపు డబ్బులో భాగమట. కేసు వేరే రాష్ట్రంలో ఉంది. అతనికి ఆ భాష రాదు, అక్కడికి వెళ్లే స్తోమతా లేదు. 240 రూపాయలు ఆపి మిగతా ఖాతా వదలకుండా మొత్తం ఎందుకు బిగించారో చెప్పిన నాథుడు లేడు. ఎంత మొత్తం అనుమానాస్పదమో అంతే ఆపాలని, ఎందుకు ఆపారో ఖాతాదారుకు తెలుగులో రాసి ఇవ్వాలని, ఇన్ని రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉండాలి.

మరో సంగతి. మోసగాళ్లకు మా అక్కయ్య ఆధార్ చివరి అంకెలు తెలుసు, పింఛను ఏ బ్యాంకులో పడుతుందో తెలుసు, పెద్దమ్మాయి పేరు తెలుసు. ఆ వివరాలు ఎక్కడో కారిపోయాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ హక్కును కాపాడే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రావడానికి 2023 ఆగస్టు దాకా పట్టింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల మీద పెట్టిన అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. వివరాలను కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు, కానీ ఆ సొమ్ము భారత సంచిత నిధికి పోతుంది, నష్టపోయిన మనిషికి పైసా రాదు. పైగా పాత ఐటీ చట్టంలో బాధితుడికి పరిహారం ఇప్పించే 43ఏ సెక్షన్‌ను ఈ కొత్త చట్టం తొలగిస్తోంది. పార్లమెంటులో మన ప్రాంతపు సభ్యులు ఈ ఒక్క లోపాన్నయినా ఎత్తి చూపాలని కోరుతున్నాను.

ప్రభుత్వం కూడా తన మాట తాను స్పష్టంగా చెప్పాలి. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే పౌర సేవలు మొదలుపెట్టింది. నేనూ వాడుతున్నాను, సౌకర్యంగానే ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత ప్రకారం కోర్టు సమన్లు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపవచ్చు. పోలీసులు హాజరు కమ్మని ఇచ్చే నోటీసులు మాత్రం వాట్సాప్‌లో పంపకూడదని అదే 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని తేడాలు ఒంటరిగా ఉన్న టీచరమ్మ ఎలా తేల్చుకోగలదు? ఏ శాఖ ఏ నంబరు నుంచి మాత్రమే పౌరుణ్ణి పలకరిస్తుందో, చెప్పాలి; వీడియో కాల్‌లో ఏ అధికారికీ ఏ అధికారమూ ఉండదనీ చెప్పాలి; అంతా కలిపి ఒకే చోట చట్టబద్ధంగా ప్రకటించాలి.

ఈ నేరంలో ఇంకో కొసన ఉన్నదీ మన పిల్లలే. ఉద్యోగాల పేరిట ఏజెంట్లు కంబోడియాకు తరలించిన ఉత్తరాంధ్ర యువకులు, అక్కడి మోస కేంద్రాల్లో బలవంతం మీద ఫోన్లు చేసి, 2024 మే నెలలో తిరగబడి, కొందరు మన విమానాశ్రయంలో దిగడం మనం చూశాం. ఏజెంట్లను పట్టుకున్న నగర పోలీసులను మెచ్చుకోవాలి. ఆ పిల్లలు చెప్పిన వివరాలు కేసు కట్టల్లోనే ఉండిపోకుండా, విధానం రాసేవాళ్ల చేతికి చేరాలి.

చట్టం మారేదాకా ఆగనక్కరలేని పని ఒకటి ఉంది. జిల్లా కలెక్టరు గారి అధ్యక్షతన జరిగే బ్యాంకర్ల సమావేశంలో తీర్మానం చేస్తే వచ్చే నెలలోనే మొదలుపెట్టవచ్చు. ప్రతి బ్రాంచిలో ఆర్టీజీఎస్ ఫారాలు పెట్టే బల్ల మీద, పెద్ద తెలుగు అక్షరాలతో ఒక అట్ట ఉంచాలి. పెద్దవాళ్లు ఫిక్సెడ్ డిపాజిట్ రద్దు చేయమని వచ్చినప్పుడు కౌంటరులో ఉన్నవాళ్లు దాన్ని చదివి వినిపించి, జవాబు ఫారం మీద రాసుకోవాలి. ఆ అట్ట మీద ఉండాల్సిన మాటలు ఇవి: “ఈ డబ్బు పంపమని మీకు ఫోనులో ఎవరైనా చెప్పారా? ఆ ఫోను ఇప్పుడు కూడా నడుస్తోందా? ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నారా? అయితే ఫోను ఆపి, లోపల మేనేజరు గారి దగ్గర కాసేపు కూర్చోండి.”

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
సీతమ్మధార, విశాఖపట్నం.